పెనం మీద బంగాళాదుంప రొట్టె

శ్రోతలకు నమస్కారం.

ఐర్లండ్ ఉత్తర భాగంలో అల్‌స్టర్ అనే ప్రాంతం ఉంది. అక్కడ పొద్దుటి ఫలహారంలో తప్పనిసరిగా కనిపించే రొట్టె ఒకటుంది. ఉడికించిన బంగాళాదుంప, కొద్దిగా పిండి, కాస్త వెన్న, ఉప్పు. ఇంతకు మించి ఏమీ లేదు. ఈస్టు వేసి పొంగించే పని లేదు, ఓవెన్ అక్కర్లేదు. గుండ్రంగా ఒత్తి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోసి, ఆ నాలుగు ముక్కలనూ నూనె లేని పెనం మీద కాలుస్తారు. ఒక్కో ముక్కను ఫార్ల్ అంటారు. ఆంట్రిమ్ వైపు ఫాడ్జ్ అనే పేరు కూడా వినిపిస్తుంది. బెల్‌ఫాస్ట్‌లో గుడ్లు, సాసేజ్‌లు, వేయించిన పంది మాంసంతో పాటు సోడా రొట్టె, ఈ బంగాళాదుంప రొట్టె ఒకే పళ్లెంలో పెట్టి ఇచ్చే ఫలహారాన్ని అల్‌స్టర్ ఫ్రై అంటారు. ఈ రెండు రొట్టెలూ లేకపోతే అక్కడివాళ్లు ఆ పళ్లేనికి ఆ పేరు ఒప్పుకోరు.

ఈ రొట్టె చేయడంలో కిటుకు ఒక్కటే ఉంది. దుంప వేడి చల్లారకముందే పిండి కలిపి, ఒత్తి, పెనం మీద వేసేయాలి. మిగతా కొలతలన్నీ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

పెనమే ఎందుకంటే, పాతకాలపు ఐరిష్ పల్లె ఇళ్లలో ఓవెన్ ఉండేది కాదు. చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీటు అనే, మొక్కలు కుళ్లి ఏర్పడిన మట్టి పెళ్లలతో నేలపొయ్యి మండేది. దాని మీద గొలుసుతో వేలాడదీసిన ఇనప పెనమే రొట్టెల పొయ్యి. గోధుమపిండి కొనాలి, దుంప మాత్రం ఇంటి వెనక నేల చెక్కలోనే పండుతుంది. కాబట్టి దుంప ఎక్కువ, పిండి తక్కువ అనే పద్ధతి కలిగినవాళ్ల వంటింట్లో పుట్టింది కాదు. గోధుమపిండికి బదులు ఓట్స్ పిండి కలిపి చేసే రకం కూడా అల్‌స్టర్‌లో ఉంది.

ఐర్లండ్‌లో దుంప గురించి మాట్లాడుతూ 1845ను తలచుకోకుండా ముందుకు వెళ్లడం నాకు సరి అనిపించదు. అప్పటికి కౌలు రైతులకు, కూలీలకు బంగాళాదుంప, మజ్జిగ తప్ప వేరే తిండి లేదనే చెప్పాలి. వాళ్లు ఎక్కువగా వేసింది లంపర్ అనే ఒకే రకం. ఆకుమాడు తెగులు వచ్చి ఆ పంటను చేలలోనే కుళ్లబెట్టింది. 1852 దాకా సాగిన ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించిన సంఖ్యలో జనం ఓడలెక్కి దేశం వదిలిపోయారు. అదే కాలంలో ఆ రేవుల నుంచే ధాన్యం, వెన్న, పశువులు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. అంత చేదు అనుభవం తరవాత కూడా ఆ ప్రజలు దుంపను వదులుకోలేదు. ఈ రొట్టె ఇంకా వాళ్ల పొద్దుటి పళ్లెంలో ఉండడం నాకు గౌరవం కలిగించే విషయం.

ఇక చేసే పద్ధతి. అరకిలో బంగాళాదుంపలు, వంద గ్రాముల మైదా, పాతిక గ్రాముల వెన్న, అర చెంచా ఉప్పు తీసుకోండి. దుంప ఉడికితే పొడిపొడిగా విచ్చుకునే రకమై ఉండాలి. ఐర్లండ్‌లో కెర్స్ పింక్, గోల్డెన్ వండర్ లాంటి రకాలకు ఇందుకే అంత గిరాకీ. మన మార్కెట్లో అయితే పల్చటి తోలు ఊడివచ్చే కొత్త దుంపలను పక్కన పెట్టి, తోలు ముదిరినవి ఏరుకోండి. కొత్త దుంపలో నీరు ఎక్కువ, ఎంత పిండి పోసినా ముద్ద జారుతూనే ఉంటుంది. కొన్న దుంపలను ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి అందులోని పిండి పదార్థం చక్కెరగా మారి, రొట్టె తియ్యబడుతుంది, లోపల కాలకముందే పైన నల్లబడుతుంది.

దుంపలను తోలుతోనే, చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. కత్తి మొన దిగేలా ఉడికాక నీళ్లు వంచేసి, గిన్నెను మళ్లీ సన్నటి సెగ మీద ఒక్క నిమిషం ఉంచి, పైన శుభ్రమైన పొడి గుడ్డ కప్పండి. ఆవిరినంతా ఆ గుడ్డ పీల్చుకుంటుంది. ఇది ఐరిష్ ఇల్లాళ్ల పద్ధతి, దీన్ని మాత్రం దాటవేయవద్దు. దుంపలో తడి మిగిలిందంటే దాన్ని సర్దడానికి పిండి అదనంగా పోయాలి. అప్పుడు అది బంగాళాదుంప రొట్టె కావడం మానేసి మైదా రొట్టె అవుతుంది. దుంపల బరువులో సగం మైదా పోయమనే కొలతలు కూడా ఉన్నాయి. నేను వాటిని ఒప్పుకోను.

వేడిగా ఉండగానే తోలు ఒలిచి పప్పుగుత్తితో మెదపండి. ఒక్క పలుకు కూడా ఉండకూడదనుకుంటే జల్లెడలోంచి నొక్కి దించండి. మిక్సీ జోలికి పోవద్దు. బ్లేడు దుంప కణాలను చీల్చి లోపలి పిండి పదార్థాన్ని బయటికి లాగుతుంది, ముద్ద కాస్తా జిగురవుతుంది. ముందు వెన్న, ఉప్పు కలిపి, తరవాత మైదా చల్లుకుంటూ చేతివేళ్లతో దగ్గరికి తీయండి. చపాతీ పిండిలా మర్దించనక్కర్లేదు, ముద్దగా కుదిరితే చాలు. ఉడికిన దుంపలోని పిండి పదార్థం వేడిలో మెత్తగా ఉండి తనంతట తానే పట్టు ఇస్తుంది. చల్లారితే బిగుసుకుని ఆ పట్టు పోతుంది. ఒత్తుతుంటే అంచులు నెర్రెలు విచ్చేది అందుకే. రాత్రి మిగిలిన దుంపలతో చేసుకోవాలనుకుంటే ముందు ఆవిరి మీద మళ్లీ వేడి చేసుకోండి.

ముద్దను రెండు చేసి, పీట మీద పొడిపిండి చల్లి, ఒక్కోదాన్ని అర సెంటీమీటరు మందాన గుండ్రంగా ఒత్తి, నాలుగేసి ముక్కలుగా కోయండి. పెనం కాగిందో లేదో చూడడానికి చిటికెడు మైదా దాని మీద చల్లండి. మెల్లగా గోధుమరంగుకు తిరిగితే సెగ సరిపోయింది. వేసిన వెంటనే మాడితే మంట తగ్గించండి. నూనె వేయకుండా ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చాలి. రెండు వైపులా అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు పడి, తెల్లటి మైదా పొడి అంచుల్లో కొద్దిగా మిగిలి ఉంటుంది. తీయగానే గుడ్డలో చుట్టి పెడితే మెత్తగా ఉంటాయి. వేడి మీద వెన్న రాసుకు తినవచ్చు. మరునాడైతే కాస్త నెయ్యి వేసి రెండు వైపులా దోరగా వేయించుకోండి. నాకు అలా తినడమే ఎక్కువ ఇష్టం.

దీనికి దగ్గరి చుట్టం బాక్స్‌టీ. లీట్రిమ్, కావన్, ఫర్మానా జిల్లాల వంటకం అది. పచ్చి దుంపను తురిమి, గుడ్డలో వేసి గట్టిగా పిండి, ఆ నీటి అడుగున పేరుకున్న తెల్లటి పిండిని మళ్లీ తురుములో కలిపి, తురుముతో సమానంగా ఉడికించి మెదిపిన దుంపను, మైదాను, మజ్జిగను చేర్చి అట్లు పోస్తారు.

ఆర్మా జిల్లాలో ఆపిల్ తోటలు ఎక్కువ. అక్కడ శరదృతువులో ఇదే బంగాళాదుంప పిండితో ఆపిల్ రొట్టె చేస్తారు. ఒత్తిన పిండి మీద పుల్లటి ఆపిల్ ముక్కలు పరిచి, మడిచి, అంచులు నొక్కి, సన్నటి సెగ మీద కాలుస్తారు. ఆపిల్ మెత్తబడ్డాక పై పొరను కత్తితో తెరిచి, చక్కెర, వెన్న లోపల వేసి మళ్లీ మూసి, అవి కరిగేదాకా పెనం మీదే ఉంచుతారు. చక్కెర ముందే వేస్తే ఆపిల్ రసం ఊరి పిండి చిరుగుతుంది. మన దగ్గర దొరికే ఆపిళ్లు తీపి కాబట్టి, ముక్కల మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండుకుని, చక్కెర తగ్గించుకోండి.