డబ్బా విప్పాక ఆ కాగితం ఎటు పోయింది?

నమస్కారం అండి. ముందు నా చేతిలో ఉన్నది చూడండి. కెమెరాకి కాస్త దగ్గరగా పెడతాను. ఇది సైకిల్ క్రాంక్. పెడల్ బిగించే కడ్డీ. దీని చివర ఉన్న రంధ్రంలోకి చూడండి. లోపలి సగంలో మర చక్కగా, గీత మీద గీత పేర్చినట్టు ఉంది. బయటి సగం మాత్రం నలిగిపోయి, ఎవరో పళ్ళతో కొరికినట్టుంది. వేలు పెడితే వెండి రంగు పొడి అంటుతోంది. ఇది ఎవరి నిర్వాకమో వేరే చెప్పాలా? నాదే.

కొత్త సైకిల్ డబ్బాలో విడిభాగాలుగా వచ్చింది. ముందు చక్రం, హ్యాండిల్, సీటు, రెండు పెడళ్ళు. ఇంతే బిగించాలి. ఈ మాత్రం దానికి సూచనల పుస్తకం ఎందుకనుకున్నాను. చక్రం ఎక్కింది, హ్యాండిల్ ఎక్కింది, సీటు ఎక్కింది. మంచి ఊపు మీదున్నాను. పెడళ్ళు రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. చేతికి అందినదాన్ని తీసి ఎడమ వైపు పెట్టి, అన్ని బోల్టులనీ తిప్పినట్టే కుడికి తిప్పాను. అర చుట్టు పట్టి ఆగిపోయింది. కొత్త మర కదా, బిగుతుగానే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని స్పానర్ వేశాను. కిర్రుమంది. ఇంకొంచెం బలం పెట్టాను. ఉన్నట్టుండి తేలికైపోయింది. స్పానర్ పట్టిన ప్రతివాడికీ ఆ తేలిక తెలుసు. చేతికి హాయిగానే ఉంటుంది, గుండె మాత్రం జారిపోతుంది.

అప్పుడు వెతికాను పుస్తకాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అచ్చంగా అదే. డబ్బా అడుగున థర్మాకోల్ ముక్కల కింద దొరికింది. అందులో ఉన్నది చాలా చిన్న సంగతి. పెడల్ ఇరుసు మీద ఎల్, ఆర్ అని అక్షరాలు ఉంటాయి. ఎల్ ఎడమకి, ఆర్ కుడికి. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, దాన్ని ఎడమకి తిప్పి బిగించాలి. నేను ఆర్ పెడల్‌ని ఎడమ వైపు రంధ్రంలోకి బలవంతంగా తోశానన్నమాట. పెడల్ ఇరుసు ఉక్కు, క్రాంక్ అల్యూమినియం. ఎవరు గెలుస్తారో మీకే తెలుసు.

ఇంతకీ ఎడమ మర ఉల్టా ఎందుకుంటుంది? దీనికో సరదా ప్రయోగం ఉంది. ఒక పెన్సిల్‌ని పిడికిట్లో వదులుగా పట్టుకోండి. పైకి పొడుచుకొచ్చిన కొసని రెండో చేత్తో గుండ్రంగా తిప్పండి. గమనించారా, మీరు ఒకవైపు తిప్పుతుంటే పిడికిట్లో పెన్సిల్ రెండోవైపు మెల్లగా దొర్లుతోంది. సైకిల్ తొక్కుతున్నప్పుడు పెడల్ ఇరుసుకి జరిగేది ఇదే. మన బరువు పడే దిక్కు ఇరుసు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఇరుసు తన రంధ్రంలో వెంట్రుకవాసి చొప్పున ఎదురు దిక్కుకి జరుగుతుంది. రెండు వైపులా మామూలు మరే ఉంటే ఎడమ పెడల్ తొక్కేకొద్దీ వదులవుతుంది. అందుకే అటు మర తిరగేశారు. రైట్ సోదరులు విమానం జోలికి వెళ్ళకముందు సైకిళ్ళు తయారుచేసి అమ్మేవారు కదా, 1900లో వాళ్ళు తమ సైకిళ్ళకి ఊడిపోని పెడల్ ఉందని ప్రచారం చేసుకున్నది కూడా ఈ కిటుకుతోనే.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏదైనా చేత్తో చేసే పని మొదలుపెట్టే ముందు సూచనలు చదవాలా? పై కథ విన్నాక చదవాలనే చెబుతానని అనుకుంటున్నారు కదా. నాకైతే అది అంత తేలిగ్గా తేలే లెక్కలా కనిపించడం లేదు. ఎందుకంటే నాకు ఒక బావ ఉన్నాడు.

మా బావ డబ్బా విప్పకముందే పుస్తకం చదివే రకం. పరీక్షకి చదివినట్టు చదువుతాడు. ఒక పుస్తకాల షెల్ఫ్ కొనుక్కుని, బొమ్మలన్నీ రెండుసార్లు చూసి, స్క్రూలు లెక్కపెట్టి, అప్పుడు కూర్చున్నాడు. నాలుగో బొమ్మ దగ్గర పక్క చెక్కని వెనకది ముందుకి పెట్టేశాడు. ఆ సంగతి పదిహేడో బొమ్మ దగ్గర గానీ తెలియలేదు. అతుకు పట్టీ లేని పచ్చి అంచు ముందుకొచ్చి ఇంటికొచ్చినవాళ్ళందరికీ కనిపిస్తోంది. "బావా, చదివావు కదా?" అంటే, "చదివానురా, ఆ రెండు గీతలకి అంత అర్థముందని నాకేం తెలుసు?" అన్నాడు. ఆయనన్నది నిజమే. బొమ్మలో నున్నటి అంచుకి రెండు గీతలు, పచ్చి అంచుకి ఒకటే గీత వేశారు. చెక్కని చేతిలోకి తీసుకుని అంచు తడిమి చూసినవాడికే ఆ గీతకి అర్థం తెలుస్తుంది. చెక్క పట్టుకోకుండా పుస్తకం మాత్రం చదవడం గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోవడం లాంటిది.

నేను చదవలేదు, చెడిపోయింది. బావ చదివాడు, చెడిపోయింది. మరి చదవాలా వద్దా?

ఆ రెండు చెడిపోవడాల్లో తేడా చూడండి. బావ షెల్ఫ్‌ని విప్పి మళ్ళీ బిగించాం. గంటన్నర పట్టింది, ఆయన కాసేపు నాతో మాట్లాడలేదు, అంతే. నా క్రాంక్ మాత్రం పోయింది. పోయిన మర తిరిగి రాదు. నేను పుస్తకం తెరిచేది ఈ తేడా పట్టుకోవడానికే. ఈ పనిలో ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేని అడుగు ఎక్కడుంది? అది దొరికేదాకా పేజీలు తిప్పుతాను. మిగతాది చేతులు నేర్చుకుంటాయి.

కోయడం, రంధ్రం వేయడం, అంటించడం, కలపడం. ఇవన్నీ వెనక్కి రాని పనులు. కలపడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడ గడియారం కూడా మన మీద పగబడుతుంది. ఎపాక్సీ జిగురు రెండు ట్యూబుల్లో వస్తుంది. ఒకటి రెసిన్, ఒకటి హార్డెనర్. విడివిడిగా ఉన్నంతకాలం నెలల తరబడి కదలకుండా కూర్చుంటాయి. కలిపిన క్షణం నుంచి లెక్క మొదలు. ఐదు నిమిషాల రకమైతే నిజంగానే ఐదు నిమిషాలు. ఒకసారి నేను పెద్ద మూతలో బోలెడంత కలిపేసి, ఇప్పుడు ఏం చేయాలబ్బా అని కాగితం తీశాను. వేళ్ళకి జిగురు, కాగితానికి జిగురు, కళ్ళద్దాలు పైకి జరుపుకోవాలంటే భయం. ఇంతలో మూత చేతిలో కాలడం మొదలుపెట్టింది. ఆ రెండూ కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఎక్కువ జిగురు ఒకేచోట కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేదు, వేడెక్కేకొద్దీ ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అంటే ఎక్కువ కలిపితే ఎక్కువసేపు వస్తుందనుకున్నాను, సరిగ్గా తిరగబడింది. ఇంకో సంగతి, కొన్ని ఎపాక్సీల్లో పాళ్ళు కొలతతో ఒకలా, తూకంతో ఇంకోలా ఉంటాయి. రెండు ద్రవాల బరువు ఒకటి కాదు మరి. ఆ పాళ్ళు తప్పితే ఎన్ని రోజులాగినా జిడ్డుగానే ఉండిపోతుంది. ఇలాంటివి చేత్తో తెలిసేవి కావు. చదవాల్సిందే.

పని మొదలెట్టే రోజున చదివితే అప్పటికే ఆలస్యమయ్యేవి కూడా ఉన్నాయి. లామినేట్ ఫ్లోరింగ్ పలకలు ఉన్నాయి కదా, చాలా కంపెనీలు వాటిని పరచబోయే గదిలోనే 48 గంటలు ఉంచమంటాయి. గదిలోని తేమకీ వేడికీ అలవాటు పడాలని. మీరు ఆదివారం పొద్దున్నే నడుం బిగించి, అప్పుడు మొదటి పేజీ తెరిస్తే మంగళవారం దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

మరి చదవకపోయినా ఫర్వాలేదు అనదగినవి? చాలానే ఉన్నాయి. ఎల్ ఆకారంలో ఉండే ఎలెన్ కీ ఎలా తిప్పాలి, ఫర్నిచర్లో ఆ గుండ్రటి లాకు అర చుట్టు తిప్పితే ఎలా పట్టుకుంటుంది, చెక్క పుల్ల ఎంత లోతు దిగుతుంది. పేజీలో అర్థం కావు, చేతిలో పది సెకన్లలో అర్థమవుతాయి. ఒక లాకు బిగించి, విప్పి, మళ్ళీ బిగించి చూడండి. ఆటే అది.

ఒక్క చిన్న మాట, షెల్ఫ్ ఊగుతోందని చాలామంది స్క్రూలు ఇంకా బిగిస్తారు. స్క్రూల పాపం అందులో తక్కువ. షెల్ఫ్‌ని నిలబెట్టేది వెనక కొట్టే ఆ పల్చటి అట్టలాంటి పలక. దాన్ని కొట్టే ముందు ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపు పెట్టి కొలవండి, రెండో జత మూలలూ కొలవండి. రెండూ సమానంగా ఉంటే చట్రం సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే నెట్టి సరిచేసి, అప్పుడు మేకులు కొట్టండి.

మనం చదవకపోవడాన్ని బద్ధకం అనేస్తారు గానీ, దీని మీద బుర్రపెట్టి ఆలోచించినవాళ్ళు ఉన్నారు. కంప్యూటర్ కంపెనీ ఐబీఎంలో పనిచేసిన జాన్ క్యారల్, మేరీ బెత్ రాసన్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో దీని గురించి రాశారు. కంప్యూటర్ కొత్తగా వాడేవాళ్ళు మాన్యువల్ పక్కన పడేసి నేరుగా పనిలోకి దిగుతున్నారు. ముందు కాసేపు చదివితే తర్వాత బోలెడు సమయం మిగులుతుంది, అయినా చదవరు. ఎందుకంటే వాళ్ళు కూర్చున్నది నేర్చుకోవడానికి కాదు, చేతిలో ఉన్న పని అవగొట్టడానికి. వాళ్ళని మార్చలేం కాబట్టి పుస్తకాన్నే మార్చాలని క్యారల్ బృందం చాలా చిన్న మాన్యువల్ తయారుచేసింది. ఉపోద్ఘాతాలు తీసేసి, వెంటనే పనిలోకి దింపి, తప్పు చేస్తే ఎలా బయటపడాలో చెప్పింది. దాంతో నేర్చుకున్నవాళ్ళు లావు పుస్తకం వాళ్ళకంటే ముందున్నారు.

నా సైకిల్ పుస్తకం రాసినవాళ్ళకి ఈ కబురు అందినట్టు లేదు. మొదటి పేజీల నిండా హెచ్చరికలే. హెల్మెట్ పెట్టుకోండి, చీకట్లో లైటు వేసుకోండి, వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది. ఒక్కటీ తప్పు కాదు. కానీ అన్నిటికీ అదే త్రిభుజం, అదే ఆశ్చర్యార్థకం. వాటి మధ్య పెడల్ సంగతీ అదే గొంతుతో ఉంది. అన్నీ అరుస్తుంటే దేన్ని వినాలి? సగం తప్పు నాది, సగం తప్పు ఆ పుస్తకానిది. నా సగాన్ని నేను ఒప్పుకుంటున్నాను.

చివరి పేజీ గురించి కూడా చెప్పాలి. సొరుగుల అల్మారా బిగించడం అయిపోతుంది, అందంగా నిలబడుతుంది, మనం నాలుగడుగులు వెనక్కేసి చూసుకుని మురిసిపోతాం. పుస్తకంలో ఇంకో బొమ్మ మిగిలే ఉంటుంది. సంచీలో ఒక చిన్న పట్టీ, రెండు స్క్రూలు మిగిలే ఉంటాయి. అల్మారాని గోడకి బిగించే పట్టీ అది. 2016లో ఫర్నిచర్ అమ్మే ఐకియా సంస్థ అమెరికాలో దాదాపు 2.9 కోట్ల సొరుగుల అల్మారాలని వెనక్కి పిలిచింది. గోడకి బిగించకపోతే ముందుకి ఒరిగి పడే ప్రమాదం ఉందని, చిన్నపిల్లల ప్రాణాలు పోయాక. డబ్బు వాపసు ఇస్తామంది, లేదా గోడకి బిగించే సామాను ఉచితంగా ఇస్తామంది. ఇది చదవనివాళ్ళ తప్పు అని నేను అనను. వస్తువు దానంతట అది నిలబడేలా చేయాల్సింది తయారుచేసినవాడు. 2022లో అక్కడ దానికోసం చట్టం కూడా తెచ్చారు. అయినా ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ పట్టీ సంచీలో ఉండకూడదు. సొరుగులన్నీ ఒకేసారి బయటికి లాగి, కింది దాని మీద కాలు పెట్టి ఎక్కే వయసు వాళ్ళది.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతాను. సామానంతా నేల మీద పరిచి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుంటూ పుస్తకం తిప్పుతాను. అర్థం కాని బొమ్మ దగ్గర ఆగను. వెనక్కి రాని అడుగు కనిపిస్తే పెన్సిల్‌తో పక్కన ఒక గుండు సున్నా చుడతాను. ఈ సైకిల్ పుస్తకం మొత్తానికి మూడు సున్నాలు వచ్చాయి. పెడళ్ళు ఒకటి. హ్యాండిల్ కాడ మీద ఇంతకు మించి పైకి లాగొద్దని ఒక గీత ఉంటుంది, అది రెండోది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనకది ముందుకి తిరిగి ఉందేమో చూసుకోవడం మూడోది. అలా తిరిగి ఉన్నా సైకిల్ కదులుతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

ఇదిగో కొత్త క్రాంక్. ఇదిగో పెడల్, ఇరుసు కొస మీద ఎల్ అని ఉంది, లైటు పడితే కనిపిస్తుంది చూడండి. రెండు వైపులకీ పనికొచ్చే గుర్తు ఒకటుంది, పై నుంచి స్పానర్‌ని సైకిల్ ముందు చక్రం వైపు తిప్పితే ఏ పెడల్ అయినా బిగుస్తుంది. మరకి కాస్త గ్రీజు రాశాను. చేత్తోనే తిప్పుతున్నాను, ముందుకి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. స్పానర్ ఇంకా బల్ల మీదే ఉంది.