ఇంటద్దె కన్నా కారు ఖర్చు పెద్దదైతే

అందరికీ నమస్కారమండి. వాకింగ్ అయ్యాక పది నిమిషాలు ఏదైనా మాట్లాడమని మన కాలనీ వాళ్ళు అడిగారు. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేశా, అందులో పదకొండేళ్ళు లోన్ల సీట్లోనే, కాబట్టి నాకు తెలిసిందే చెప్తా, కారు గురించి, ఇంటి గురించి.

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తది. ఇంటి మీద తాకట్లేమైనా ఉన్నాయా అని ఈసీ తీయిస్తారు, లింక్ డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తారు, వాస్తు చూపిస్తారు, మంజీరా నీళ్ళ కనెక్షన్ ఉందా అని అడుగుతారు, ఎస్ఎఫ్‌టీకి యాభై రూపాయలు తగ్గించమని బిల్డర్ ఆఫీసు చుట్టూ నెలరోజులు తిరుగుతారు. అదే మనిషి శనివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని షోరూంకి వెళ్ళి, ఒక రౌండ్ తిప్పి చూసి, ఆ రాత్రికే టాప్ మోడల్ బుక్ చేసి వస్తాడు. 3 లక్షలు ఎక్కువవుతుంది కదా అంటే "నెలకి ఇంకో ఐదు వేలే కదండీ" అంటాడు. ఈ ఐదు వేలే అన్న మాట నా టేబుల్ ముందు ఎన్ని వందల సార్లు విన్నానో.

ఒక లెక్క చెప్తా, పేరు చెప్పను గానీ నాకు బాగా తెలిసిన కుటుంబం, మన వనస్థలిపురంలోనే 17 వేల అద్దెకి డబుల్ బెడ్‌రూంలో ఉంటారు. కారు షోరూం ధర 11 లక్షలు. వాళ్ళు కొన్నప్పుడు మన తెలంగాణలో 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ 17 శాతం ఉండేది, అంటే లక్షా 87 వేలు, ఇన్సూరెన్స్ అవీ ఇవీ కలిపి రోడ్డెక్కేసరికి 13న్నర లక్షలు. చేతిలోది రెండున్నర కట్టి 11 లక్షలు లోన్, 9 శాతం, ఏడేళ్ళు. ఈఎంఐ 17,700. అద్దె కన్నా అదే ఎక్కువ, ఇంకా కారు కదల్లేదు. నెలకి 900 కిలోమీటర్లు తిరిగితే సిటీ ట్రాఫిక్‌లో 14 మైలేజీ వేసుకున్నా, లీటరు 107 అనుకుంటే పెట్రోలు 6,900 దాకా, ఇన్సూరెన్స్ నెలకి 3 వేలు, సర్వీసింగ్, టైర్లు, పొద్దున కారు తుడిచే అబ్బాయికి ఇచ్చేది కలిపి ఇంకో 2 వేలు. మొత్తం దగ్గర దగ్గర 30 వేలండి. నలుగురు మనుషులు పడుకునే ఇంటికి 17 వేలు, రోజుకి రెండు గంటలు తిరిగే బండికి 30 వేలు.

ఇంకోటి వినండి. ఇన్సూరెన్స్ వాళ్ళు కారుకి కట్టే విలువ అయిదో ఏడు పూర్తయ్యేసరికి షోరూం ధరలో సగానికి వస్తుంది, అంటే ఐదున్నర లక్షలు. అప్పటికి మీరు డౌన్ పేమెంటు, ఈఎంఐలు కలిపి 13 లక్షలు కట్టేశారు, బ్యాంకుకి ఇంకా 3 లక్షల 87 వేలు బాకీ. అమ్మి బాకీ తీర్చేస్తే చేతికి లక్షా అరవై. లైఫ్ ట్యాక్స్ అయితే పోయినట్టే, అమ్మకంలో దాన్ని ఎవడూ లెక్కగట్టి ఇవ్వడు. ఇల్లు కూడా పాతబడుతుంది, గోడలు పాతబడతాయి, కానీ గోడల కింద జాగా ఉంటుంది కదా.

అసలు మన అపార్ట్‌మెంట్లలో ఎప్పుడైనా కొలిచి చూశారా, కారు పార్కింగ్ ఎనిమిది అడుగుల బై పదహారు ఉంటే వంటగది ఎనిమిది బై ఎనిమిది. ఆ వంటగదిలో ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. బిల్డింగ్ కింద పిల్లర్ల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్ విడిగా అమ్మకూడదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా పార్కింగ్‌కి ఇంత అని లక్షలు అడుగుతూనే ఉన్నారు, మనం ఇస్తూనే ఉన్నాం.

నా సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో మా ఇంటి స్లాబు కారేది. వాటర్ ప్రూఫింగ్‌కి మేస్త్రి 60 వేలు అడిగాడు. అప్పుడు నాకు కారు కిస్తీ నడుస్తోంది, వచ్చే ఏడు చూద్దాంలే అన్నా. మూడు వానాకాలాలు మా అమ్మ ఆ చుక్కల కింద బకెట్లు పెట్టుకుంది. నాలుగో ఏడు పెచ్చులూడి పడ్డాయి, లోపల ఊచలు తుప్పు పట్టిపోయాయి, ఆ గది స్లాబు కొట్టి మళ్ళీ పోయాల్సొచ్చింది, రెండున్నర లక్షలు. డబ్బు సంగతి వదిలేయండి, మా అమ్మ మూడేళ్ళు అలా ఉంది, నేను ఆ కార్లో ఊరెళ్ళి ఆ బకెట్లు చూసి కూడా వెనక్కొచ్చేశా. అది నాకు ఇప్పటికీ తగ్గని బాధ.

కారు వద్దనట్లేదు నేను. ఇంట్లో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళుంటే, నడవలేని పెద్దవాళ్ళుంటే కావాలి, క్యాబ్ నడుపుకునేవాళ్ళకి అదే అన్నం. కానీ ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే మియాపూర్ దాకా దించుతుంది, రోజూ ఆ దారిలోనే ఆఫీసుకి పోయేవాళ్ళు కూడా కారు తీస్తున్నారు. ఎందుకంటే మనం కారు కొనేది ఎక్కడానికి మాత్రమే కాదు, చుట్టాలు చూడ్డానికి. 2009లో లక్ష రూపాయల కారని నానో వచ్చింది కదా, చవక కారు అన్న ముద్రే దాన్ని దెబ్బతీసింది, అలా ప్రచారం చేయడం తప్పని రతన్ టాటా గారే తర్వాత అన్నారు. మా గుంటూరు వైపు అల్లుడికి కారు పెట్టాలని అరెకరం అమ్మినవాళ్ళని నేను చూశా. ఇంకా బాధేంటంటే ఆ అమ్మాయీ అబ్బాయీ ఇక్కడ అద్దింట్లోనే ఉంటారు, ఆ అరెకరం డబ్బు చిన్న ఫ్లాటుకి అడ్వాన్సు అయ్యేది.

మీలో కారు కొనే ఆలోచన ఉన్నవాళ్ళు షోరూం వాళ్ళిచ్చిన కొటేషను, మీ అద్దె రశీదు లేదా ఇంటి లోన్ స్టేట్‌మెంట్ రెండూ పట్టుకుని రండి. వచ్చే ఆదివారం ఏడింటికి ఇదే వేపచెట్టు కింద క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటా. సంతకం పెట్టక ముందే రండి, పెట్టాక వస్తే నేను చేయగలిగేది తక్కువ. ఆడవాళ్ళు కూడా రండమ్మా, వంటగది కొలతలు మీకే బాగా తెలుసు.