మన ఇంటి టాక్స్, ఫ్రిస్కో స్కూళ్ళు: డబ్బు ఎటు పోతోంది, నిర్ణయాలు ఎవరివి?

అందరికీ నమస్కారం అండి. ఈరోజు ఫ్రిస్కో ఐఎస్‌డీ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ గురించి మాట్లాడుకుందాం. డాలస్ వైపు ఇల్లు వెతికే మనవాళ్ళలో ఎవర్ని అడిగినా ఫ్రిస్కో ఎందుకు అంటే ముందు వచ్చే మాట స్కూళ్ళు. అదే మనిషిని ఆ స్కూళ్ళు ఎవరు నడుపుతారండి అంటే "సిటీ వాళ్ళే కదా" అనేస్తారు. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కాదు.

[స్క్రీన్ మీద: ఫ్రిస్కో సిటీ మ్యాప్, దాని మీద వేరే రంగులో స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు]

ఈ మ్యాప్ చూడండి. సిటీ హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. ఐఎస్‌డీలో ఐ అంటే ఇండిపెండెంట్, అంటే మేయర్‌కి గానీ సిటీ కౌన్సిల్‌కి గానీ దీని మీద అధికారం లేదు, దాని బోర్డు దానిది, దాని టాక్స్ దానిది. ఫ్రిస్కో అడ్రస్ ఉన్న ఇల్లు ప్రాస్పర్ ఐఎస్‌డీలోకో లూయిస్‌విల్ ఐఎస్‌డీలోకో లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీలోకో పోవచ్చు, అలాగే ప్లేనో, మెకినీ అడ్రస్ ఉన్న కొన్ని ఇళ్ళు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉంటాయి. అందుకే ఇల్లు కొనేముందు అడ్రస్‌లో ఊరి పేరు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి, డిస్ట్రిక్ట్ సైట్‌లో ఇంటి నంబర్ కొట్టి ఏ స్కూల్ జోనో చూసుకోండి, బిల్డర్ మాట కూడా నమ్మక్కర్లేదు.

ఈ ఊరు ఎంత స్పీడ్‌గా పెరిగిందో చెప్తే గానీ మిగతా కథ అర్థం కాదు. 1990 జనాభా లెక్కల్లో ఫ్రిస్కోలో ఆరు వేల చిల్లర మంది. 2020లో 2,00,509 మంది. 2003లో సెంటెనియల్ తెరిచేదాకా ఊరంతటికీ ఒకటే హైస్కూల్. 2022లో పాంథర్ క్రీక్ తెరిచేసరికి 12 అయ్యాయి. పక్క డిస్ట్రిక్ట్‌లు ఇంకా పెద్ద హైస్కూళ్ళు కట్టుకుంటే వీళ్ళు మాత్రం ఒక్కోటి రెండు వేల చిల్లర పిల్లలు దాటకుండా చిన్నవిగా కట్టారు, ఎక్కువమందికి టీమ్‌లో, బ్యాండ్‌లో చోటు దొరకాలని. నాకు ఆ ఆలోచన ఇష్టమే. కానీ 12 హైస్కూళ్ళంటే 12 మంది ప్రిన్సిపాళ్ళు, 12 బిల్డింగుల కరెంటు, 12 చోట్ల ఏసీ. ఆ ఖర్చు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

నడిపేది ఎవరు? ఏడుగురు ట్రస్టీలు. జీతం ఉండదు, మూడేళ్ళ పదవి, బ్యాలట్ మీద పార్టీ గుర్తు ఉండదు. వార్డుల్లాగా ఏరియాలు లేవు, ఏడు సీట్లకీ డిస్ట్రిక్ట్ మొత్తం ఓటేస్తుంది. గోపాల్ పొనంగి లాంటి మన ఇండియన్ పేర్లు కూడా ఈ బోర్డులో కనిపించాయి. వీళ్ళు సూపరింటెండెంట్‌ని పెట్టుకుంటారు, రోజువారీ పని ఆయన చూస్తారు, వీళ్ళు బడ్జెట్, టాక్స్ రేటు, ఏ స్కూల్ తెరవాలి ఏది మూయాలి, అటెండెన్స్ జోన్లు ఎలా గీయాలి అనేవి తేలుస్తారు. పాఠాల్లో ఏముండాలో వీళ్ళ చేతిలో లేదు, అది రాష్ట్రం మొత్తానికి 15 మంది ఉండే స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ పని. వీళ్ళ పైన టీఈఏ, అంటే రాష్ట్ర విద్యాశాఖ (టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ), దాని కమిషనర్‌ని గవర్నర్ నియమిస్తారు. ఆ కమిషనర్‌కి ఎంత పవరంటే 2023లో హ్యూస్టన్ ఐఎస్‌డీలో జనం ఎన్నుకున్న బోర్డుని పక్కన పెట్టేసి తన మనుషుల్ని కూర్చోబెట్టారు. అంటే ఇండిపెండెంట్ అనే మాటకి ఒక హద్దు ఉంది.

ఇప్పుడు డబ్బు. ఈ వీడియో చేసిందే దీనికోసం.

[స్క్రీన్ మీద: ప్రాపర్టీ టాక్స్ బిల్లు, స్కూల్ లైన్ పసుపు రంగులో]

టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని మనం సంతోషపడతాం కదా, దాని బదులే ఈ బిల్లు. ఇందులో అన్నిటికన్నా పెద్ద లైన్ స్కూలుది. ఫ్రిస్కో ఐఎస్‌డీ రేటు ఈమధ్య ప్రతి 100 డాలర్ల విలువకీ 1 డాలర్ 2, 3 సెంట్ల దగ్గర ఉంటోంది. 2018లో అది 1.44 డాలర్లు ఉండేది, చాలామంది గమనించరు గానీ రేటు బాగానే తగ్గింది, ఇళ్ళ విలువ పెరిగిపోవడం వల్ల బిల్లులో ఆ తగ్గుదల కనపడట్లేదు.

లెక్క చూద్దాం. ఇల్లు 6,00,000 డాలర్లు అనుకోండి. మీరు ఉంటున్న ఇల్లే అయితే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ కింద 1,40,000 తీసేస్తారు, 2025 నవంబర్లో ఓటర్లు ఒప్పుకున్నాక ఇది అంతకుముందున్న లక్ష నుంచి పెరిగింది. మిగిలిన 4,60,000 మీద 1.02 చొప్పున 4,692 డాలర్లు. అదే ఎగ్జెంప్షన్‌కి అప్లై చేయడం మర్చిపోతే 6,120. అంటే 1,428 డాలర్లు ఊరికే పోయినట్టు. మనవాళ్ళలో ఇల్లు కొని రెండు మూడేళ్ళయినా ఆ ఫారం ఇవ్వనివాళ్ళు నాకే తెలుసు. డబ్బులేం కట్టక్కర్లేదు, టాక్స్ కోసం ఇళ్ళ విలువ కట్టే ఆఫీసుకి, కాలిన్ కౌంటీ అయితే కాలిన్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి, డెంటన్ అయితే డెంటన్ వాళ్ళకి పంపడమే, వీడియో ఆపి అయినా సరే ఇచ్చేయండి.

ఈ రేటులో రెండు ముక్కలుంటాయి. ఒకటి ఎం అండ్ ఓ, టీచర్ల జీతాలు, కరెంటు, బస్సుల డీజిల్, ఇవన్నీ ఇందులోంచి. రెండోది ఐ అండ్ ఎస్, బిల్డింగులు కట్టడానికి చేసిన అప్పు తీర్చడానికి. రెండో డబ్బా లోంచి తీసి టీచర్‌కి జీతం ఇవ్వడం చట్టప్రకారం కుదరదు. "స్టేడియానికి డబ్బులుంటాయి గానీ టీచర్లకి ఉండవా" అని గ్రూపుల్లో తిడుతుంటారు చూడండి, ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ రెండు డబ్బాల మధ్య గోడ పెట్టింది ఫ్రిస్కో వాళ్ళు కాదు.

అసలు మనందరం పొరపాటు పడేది ఇక్కడ. మా ఇంటి అప్రైజల్ పెరిగింది, ఊళ్ళో అందరిదీ పెరిగింది, కాబట్టి స్కూలుకి డబ్బు బోలెడంత వచ్చిపడుతోంది అనుకుంటాం. రాదండి. ఒక గ్లాసు ఊహించుకోండి. ఆ గ్లాసు ఎంత పెద్దదో ఆస్టిన్‌లో, అంటే రాష్ట్ర రాజధానిలో, తేలుస్తారు: రోజూ సగటున ఎంతమంది పిల్లలు బడికి వస్తున్నారు, ఒక్కొక్కరికి ఇంత, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకి ఇంకొంచెం, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి ఇంకొంచెం. ఆ గ్లాసులో ముందు మన టాక్స్ పోస్తారు, తక్కువైతే మిగతాది రాష్ట్రం పోస్తుంది. మన టాక్స్ పెరిగితే రాష్ట్రం పోసేది తగ్గుతుంది, గ్లాసు మాత్రం అంతే ఉంటుంది. పొంగితే ఆ పొంగింది ఆస్టిన్ తీసుకుంటుంది, దాన్నే రీకాప్చర్ అంటారు, జనం వాడుకలో రాబిన్‌హుడ్. పక్కనే ఉన్న ప్లేనో ఐఎస్‌డీ 2018-19లో ఇలా 20 కోట్ల డాలర్ల పైనే కట్టింది.

ఇది అన్యాయం కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, దీని వెనక కథ చదివేదాకా. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అని పేదల డిస్ట్రిక్ట్, అక్కడ ఇళ్ళకి విలువ లేదు కాబట్టి ఎంత రేటు వేసినా డబ్బు రాదు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పని చేసుకునే ఆయన కేసు వేసి 1973లో అమెరికా సుప్రీం కోర్టులో 5-4 తేడాతో ఓడిపోయారు. ఆ పోరాటం అక్కడితో ఆగలేదు, ఎడ్జ్‌వుడ్ వాళ్ళు రాష్ట్ర కోర్టుకి వెళ్ళారు, 1989లో టెక్సస్ సుప్రీం కోర్టు జడ్జిలందరూ ఒకే మాటగా ఈ పద్ధతి చెల్లదన్నారు, అలా 1993లో ఈ రాబిన్‌హుడ్ చట్టం వచ్చింది. పుట్టిన పేటని బట్టి పిల్లల బడి ఉండకూడదు అనేది దాని మూలం, అది నేను గట్టిగా ఒప్పుకుంటాను. నా గొడవ గ్లాసు సైజు గురించే. ఒక్కో పిల్లాడికి ఇచ్చే మూల మొత్తం, బేసిక్ అలాట్‌మెంట్ అంటారు, 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గర అలాగే ఉండిపోయింది. ఆ మధ్యలో కూరగాయల నుంచి ఇన్సూరెన్స్ దాకా ఎంత పెరిగాయో మీకు తెలుసు. 2025లో పెంచారు, 55 డాలర్లు. జీతాలకి విడిగా వేరే డబ్బు, కరెంటు, ఇన్సూరెన్స్ లాంటి ఖర్చులకి కూడా కొంత ఇచ్చారు, కాదనను, కానీ ఇన్నేళ్ళలో పెరిగిన ధరల ముందు అది చిన్నదే కదా.

ఇంకొకటి, ఇది మనకి సూటిగా తగిలేది. గ్లాసు లెక్క చేరిన పిల్లల సంఖ్య మీద కాదు, హాజరైన పిల్లల మీద. ఆ 55 కలిపితే వచ్చే 6,215ని ఏడాదిలో బడి జరిగే 170 చిల్లర రోజులకి పంచితే రోజుకి సుమారు 35 డాలర్లు. సెలవు చీటీ ఇచ్చినా ఇవ్వకపోయినా డబ్బు విషయంలో తేడా లేదు, పిల్లాడు బళ్ళో లేడంటే లేడు. మేము కూడా ఒక డిసెంబర్లో టికెట్లు తక్కువని ముందే బయల్దేరి సంక్రాంతి చూసుకుని వచ్చాం, ఇద్దరు పిల్లలకీ కలిపి చాలా రోజులు పోయాయి. 15 రోజులు పోతే ఒక పిల్లాడి మీద 500 డాలర్ల పైన. అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్ళొద్దని నేను ఎవరికీ చెప్పను, నేనే మానలేను. కానీ వేసవిలో వెళ్ళడానికి కుదిరేవాళ్ళు, ఇది తెలిసి ఆలోచించండి.

2024 నవంబర్‌కి వద్దాం. డిస్ట్రిక్ట్ ఓటర్ల ముందు నాలుగు ప్రపోజిషన్లు పెట్టింది. ఒకటి జీతాల డబ్బాకి దాదాపు 3 సెంట్లు రేటు పెంచమని, మిగతా మూడు కలిపి వంద కోట్ల డాలర్ల పైన బాండ్లు, అంటే ఓటర్లు ఒప్పుకుంటే తెచ్చే అప్పు. నాలుగూ ఓడిపోయాయి. బాండ్ల బ్యాలట్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, 2019 చట్టం ప్రకారం రేటు పెరిగినా పెరగకపోయినా ఆ లైన్ రాయాల్సిందే. అది చూసి ఎంతమంది వద్దు నొక్కి ఉంటారో మీరే ఊహించుకోండి.

ఇంకోపక్క పిల్లలు తగ్గుతున్నారు. 67,000 దాకా వెళ్ళిన సంఖ్య ఇప్పుడు దిగుతోంది. ఊరు నిండిపోయింది, ఇళ్ళ రేట్లు చూస్తే చిన్నపిల్లలున్న కుర్ర జంటలు కొనలేని పరిస్థితి, వాళ్ళు సెలైనా, ప్రాస్పర్ వైపు పోతున్నారు. స్టేలీ మిడిల్ స్కూల్‌ని 2024-25 ఏడాది చివర మూసేశారు. ఎప్పుడూ కొత్త స్కూలు రిబ్బన్ కటింగే చూసిన ఊళ్ళో బడి మూయడమంటే తల్లిదండ్రులు ఎంత బాధపడ్డారో మీటింగ్ వీడియోలు చూస్తే తెలుస్తుంది. 12 హైస్కూళ్ళ ఖర్చు గుర్తుపెట్టుకోమన్నాను కదా, పిల్లలు తగ్గితే ఆ చిన్న స్కూళ్ళ పద్ధతి నిలబడుతుందా అనేదే ఇప్పుడు అసలు ప్రశ్న. బయటి డిస్ట్రిక్ట్ పిల్లల్ని కూడా కొంతమందిని చేర్చుకోవడం మొదలుపెట్టారు, అదీ ఇందుకే.

చదువు సంగతి తొందరగా చెప్తా. ఏ నుంచి ఎఫ్ దాకా రాష్ట్రం గ్రేడ్లు ఇస్తుంది. హైస్కూల్ గ్రేడుకి చూసే లెక్కల్లో ఒకటైన స్టూడెంట్ అచీవ్‌మెంట్‌లో, రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష 40 శాతం, కాలేజీకో ఉద్యోగానికో తయారయ్యారా అనేది 40, గ్రాడ్యుయేషన్ 20. డిస్ట్రిక్ట్‌లు కోర్టుకి వెళ్ళడంతో 2023 గ్రేడ్లు 2025 దాకా బయటికే రాలేదు, అంత పాత నంబర్ చూసి ఇల్లు కొనకండి. స్టార్ పరీక్ష కూడా 2027-28 నుంచి పోయి మూడు చిన్న పరీక్షలు వస్తాయి.

మనవాళ్ళు గ్రేడ్ చూస్తారు గానీ ర్యాంక్ చూడరు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, అంటే యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ నుంచి హైస్కూల్ క్లాసులో టాప్ 5 శాతానికే. క్లాసులో 500 మంది ఉంటే 25 మంది. అందరం కలిసి ఒకే "టాప్" స్కూల్ జోన్‌లో ఇళ్ళు కొంటే ఆ 25 కోసం కొట్టుకునేది మన పిల్లలే, పదో క్లాసు పిల్ల జీపీఏలో పాయింట్ ముక్క పోతుందేమోనని ఇష్టమైన ఆర్ట్ క్లాస్ వదిలేసుకుంటోంది. నాకు ఇది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చివరగా, ఎవరు మాట్లాడొచ్చు. హెచ్‌వన్ మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్నవాళ్ళం టాక్స్ పూర్తిగా కడతాం, ఓటు ఉండదు. కానీ బోర్డు మీటింగ్‌లో పేరు రాయించుకుని మాట్లాడ్డానికి సిటిజన్ అయ్యుండక్కర్లేదు. అజెండా కనీసం మూడు వర్కింగ్ డేస్ ముందు పెట్టాలి, మీటింగ్ ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళకి నాదొక రిక్వెస్ట్, ట్రస్టీల ఎన్నిక నవంబర్లో కాదు, మే మొదటి శనివారం, ప్రెసిడెంట్ ఎన్నికల హడావుడి ఏదీ ఉండదు కాబట్టి మర్చిపోతాం. ఓటరుగా రిజిస్టర్ అవ్వడానికి గడువు దానికి 30 రోజుల ముందు, అంటే ఏప్రిల్ మొదట్లోనే. ఉగాది పనుల్లో ఉన్నప్పుడే ఒకసారి కౌంటీ సైట్‌లో మీ పేరుందో లేదో చూసుకోండి, ఎర్లీ ఓటింగ్ సెంటర్లు ఎక్కడెక్కడో ఆ సైట్‌లోనే ఉంటాయి.