బ్లూరే గెలిచింది సరే, మన జేబు సంగతేంటి?

అందరికీ నమస్కారం. "ఫార్మాట్ల మధ్య పోటీ ఉంటే కొనేవాళ్లకి రేటు తగ్గుద్దా?" అనే టాపిక్ పేరు చూసి ఎకనామిక్స్ క్లాసేమో అని వెనక బెంచీల్లో సర్దుకున్నోళ్లు కాస్త ముందుకొచ్చేయండి, నేను చెప్పేది మా బావ కొన్న ఒక డబ్బా గురించి.

2006లో అమెరికాలో హైడెఫినిషన్ (అంటే మామూలు డివిడి కంటే బొమ్మ స్పష్టంగా ఉండే) సినిమాలకి రెండు రకాల డిస్కులొచ్చాయి, తోషిబా వాళ్లది హెచ్‌డి డివిడి, సోనీ బ్యాచ్‌ది బ్లూరే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ దీని ప్లేయర్లో అది ఆడదు. ఏప్రిల్‌లో తోషిబా ప్లేయర్ 499 డాలర్లు, జూన్‌లో శాంసంగ్ బ్లూరే ప్లేయర్ దాదాపు 1000. ఏడాదిన్నర దాటిందో లేదో, 2007 నవంబర్‌లో వాల్‌మార్ట్‌లో తోషిబా ప్లేయర్ 98 డాలర్లకి దిగింది! అప్పట్లో న్యూజెర్సీలో ఉండే మా బావ పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడి మరీ కొనుక్కొచ్చాడు.

చూశారా, పోటీ ఉంటే రేటు తగ్గుద్ది అంటారా? మెషీన్ తగ్గింది, నిజమే. డిస్కు మాత్రం అంతగా తగ్గలేదు, మామూలు డివిడి కంటే ఎక్కువే. ఎందుకంటే డిస్నీ సినిమా కావాలంటే బ్లూరేనే, యూనివర్సల్ సినిమా కావాలంటే హెచ్‌డి డివిడినే. వీధిలో రెండు ఉల్లిపాయల బండ్లుంటే బేరం కుదురుద్ది, ఒకడి దగ్గర ఉల్లి, ఇంకోడి దగ్గర టమాటా ఉంటే ఎవడు తగ్గిస్తాడండీ? అసలు ప్లేయర్ చవగ్గా ఇచ్చేదే మనల్ని తమ డిస్కులకి కట్టేసుకోడానికి.

మన దగ్గర ఇంచుమించు అదే టైమ్‌లో మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్లు సినిమా విసిడి 28 రూపాయలకి, డివిడి 34కి అమ్మారు, గుర్తుందా? వాళ్ల పోటీ ఇంకో ఫార్మాట్‌తో కాదు, ఫుట్‌పాత్ మీద పైరసీ సీడీతో. అందుకే డిస్కు రేటే పడింది.

సరే, 2008 జనవరి 4న హాలీవుడ్ స్టూడియో వార్నర్ తన సినిమాలు ఇక బ్లూరేకే అని చెప్పేసింది, ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. యుద్ధం అయిపోయింది కదా అని బ్లూరే ప్లేయర్ వెంటనే దిగిందా అంటే లేదు, కొన్ని నెలల పాటు 400 డాలర్ల దగ్గరే తిష్టవేసింది. దాన్ని కిందకి లాగింది పాత డివిడినే అని నా లెక్క, బొమ్మ బానే ఉందిగా మళ్లీ ఎందుకు కొనాలి అని జనం కదల్లేదు, పైగా మాంద్యం, ఏడాది చివరి పండగ సేల్స్‌కి 200 లోపు కూడా దొరికింది.

బెస్ట్ బై అనే అమెరికా ఎలక్ట్రానిక్స్ షాపుల వాళ్లయితే తమ దగ్గర హెచ్‌డి డివిడి ప్లేయర్ కొన్నోళ్లకి 50 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపారు. మా బావ కొన్నది అక్కడ కాదుగా, రాలేదు. ఎర్ర కవర్ల హెచ్‌డి డివిడి డిస్కులు ఓ తొమ్మిది ఇంకా అలమరాలో ఉన్నాయి. ప్లేయర్ మాత్రం పడేయలేదు, మామూలు డివిడి వేస్తే ఇప్పటికీ ఆడుద్ది, మా అక్క పెళ్లి డివిడి అందులోనే చూస్తారు.