చాంబర్ మూత తీయించి చూడండి

శ్రోతలకు నమస్కారం. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాయంటే చెన్నైలో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండే వాళ్లకు టెన్షనే. వడపళని అయినా, వేళచ్చేరి అయినా అదే బాధ. బాత్రూంలో నీళ్లు పోవు, ఒక్కోసారి పోయినవే వెనక్కి వస్తాయి. "సార్, డ్రైనేజీ నిండిపోయిందండీ" అని ఓనరుకు ఫోన్ చేస్తే, "వాడేది మీరేగా, మీరే చూసుకోండి" అంటారాయన. ఈ వాదన తేలేలోపు మురుగు హాల్లోకి వచ్చేస్తుంది.

ఖర్చు ఎవరిదో తర్వాత మాట్లాడుకోవచ్చు. అడ్డు ఎక్కడ పడిందో ముందు చూడండి.

ఒక్క సింకో, ఒక్క బాత్రూమో ఆగితే అడ్డు అక్కడే ఉంటుంది. జాలీ తీస్తే వెంట్రుకల ఉండ, దానికి పట్టిన సబ్బు జిడ్డు చేతికి వస్తాయి. దయచేసి యాసిడ్ మాత్రం పోయకండి, తర్వాత చెయ్యి పెట్టే ప్లంబర్‌కు చర్మం కాలుతుంది. కానీ లెట్రిన్‌లో ఫ్లష్ చేసినప్పుడు బాత్రూం జాలీలోంచి బుడబుడమంటూ నీళ్లు పైకొస్తే, అడ్డు మెయిన్ లైన్‌లో ఉన్నట్టు. అప్పుడు ఇంటి పక్క సందులో ఉండే చాంబర్, అంటే ఇంటి మురుగు పైపులు వచ్చి కలిసే తొట్టి, మూత తీయించండి. చాంబర్ ఖాళీగా ఉందా, అడ్డు ఇంటికీ చాంబర్‌కీ మధ్యన ఉంది. నిండుగా ఉందా, అక్కడి నుంచి వీధి వైపు ఉంది. వీధిలో మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంటే అది మెట్రో వాటర్, అంటే నగర నీటి, మురుగు బోర్డు వాళ్ల పని. 1916కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

తమిళనాడులో 2017 నాటి అద్దె చట్టం 2019 నుంచి అమల్లో ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, డ్రైన్ శుభ్రం చేయించుకోవడం అద్దెకున్నవాళ్ల వంతు, అవసరమైనప్పుడు పైపులు మార్చడం ఓనరు వంతు. నాకిది న్యాయంగానే తోస్తుంది. జిడ్డు మనది. పగిలిన పైపు, వాలు సరిగా లేని పైపు, చెట్టు వేరు దూరిన పైపు ఆయనవి. ఎన్నిసార్లు తీయించినా అదే చోట అడ్డుపడుతుంటే ఫోటోలు తీసి, ప్లంబర్ చెప్పిన కారణంతో సహా ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.

ఇంకొకటి. చెన్నైలో మురుగు లైను వేరు, వాన నీటి కాలువ వేరు. కొన్ని ఇళ్లలో మేడ మీది వాన గొట్టాన్ని చాంబర్‌లో కలిపేస్తారు. మురుగు పైపు అంత వానను మోయలేక, కింది వాటా జాలీలోంచి ఎగదన్నుతుంది. తమిళనాడులో 2003 నుంచి ఇళ్లకు వాన నీటి సంరక్షణ తప్పనిసరి కాబట్టి, ఆ గొట్టాన్ని ఇంకుడు గుంతకు మళ్లించమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు. వీధి పల్లంలో ఉంటే మురుగు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ కూడా పెట్టించమనండి.

ఎంత తొందరున్నా, ఎవరెంత చవకగా చేస్తామన్నా, మనిషిని మ్యాన్‌హోల్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో దిగనివ్వకండి. లోపలి విషవాయువుకు నిమిషాల్లో ప్రాణం పోతుంది. రక్షణ లేకుండా అలా దింపితే, మనుషుల చేత మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింద నేరం, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు. "ఎప్పుడూ ఇలాగే చేయిస్తాం" అని ఓనరు అన్నా సరే, వద్దని గట్టిగా చెప్పండి. మురుగు తోడే మెషిన్ లారీ వచ్చేదాకా మన ఇంట్లో నీళ్ల వాడకం ఆపి, పక్కింటి వాళ్లను బాత్రూం అడుగుదాం.