చామంతికి చీకటి కావాలి

అందరికీ నమస్కారం. మిద్దెతోట పెట్టుకున్నవాళ్ళు చామంతి గురించి అడిగేవి ముఖ్యంగా రెండే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క పూలయ్యాక ఎండిపోయిందేమని ఒకటి. గుబురుగా పెరిగి కూడా ఒక్క మొగ్గ వేయలేదేమని రెండోది.

ఎండిపోయిన మొక్కను పారేయకండి. చామంతి ఏళ్ళ తరబడి బతికే మొక్క. ఆయువు తీరేది పూసిన కొమ్మకే, వేరుకు కాదు. జనవరి, ఫిబ్రవరిలో పూలు వాడాక మట్టికి బెత్తెడు ఎత్తు వదిలి కాండాలు కత్తిరించండి. పై మట్టి గుల్ల చేసి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు వేయండి. నీళ్ళు తగ్గించండి. కొద్దివారాల్లో మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి. వచ్చే ఏడు పూసేవి ఇవే.

కొని తెచ్చినవి త్వరగా పోవడానికి ఇంకో కారణం ఉంది. చాలా వరకు వాటిని ఉత్త కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొడిలో పెంచుతారు. అది ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ సులువుగా తడవదు. పోసిన నీళ్ళు అంచుల వెంట జారి కింద కారిపోతాయి, మధ్యలో వేర్లు పొడిగానే ఉంటాయి. కుండీని అరగంట నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, ఆ తర్వాత మట్టిలోకి మార్చండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు. 10 అంగుళాల కుండీకి ఒక్క మొక్క చాలు. నీళ్ళు నిలిస్తే మాత్రం వేరుకుళ్ళు ఖాయం.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంచండి. జూన్‌లో పిలకల తలలు 2, 3 అంగుళాల పొడవున తుంచి, కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చి, నీడలో పెట్టండి. రెండు, మూడు వారాల్లో వేర్లు వస్తాయి. మొగ్గ తొడిగిన కొమ్మను మాత్రం తీసుకోవద్దు. అది పెరగడం మానేసి అరచేతి ఎత్తులోనే పూసేస్తుంది.

కుండీలో నాటిన నాలుగు వారాలకు చివరి లేత తలను అర అంగుళం గిల్లండి. మనసొప్పదు గానీ, గిల్లకపోతే ఒంటికాండంగా సాగి గాలికి పడిపోతుంది. పక్కకొమ్మలు వచ్చాక, మూడు వారాలకు మరోసారి. ఆగస్టు నడిమి దాటాక గిల్లితే పూత వెనక్కి పోతుంది.

ఇక మొగ్గ రాకపోవడం. ఎరువు తక్కువైందని యూరియా వేస్తారు, ఆకు ఇంకా పెరుగుతుంది. తప్పు చాలాసార్లు వీధిదీపానిది, లేదంటే బాల్కనీ బల్బుది. చామంతి రాత్రి పొడవును లెక్కపెట్టుకుంటుంది. రాత్రి తగినంత పొడుగ్గా, మధ్యలో వెలుతురు పడకుండా ఉంటేనే మొగ్గ తొడుగుతుంది. చలిదేశాల పుస్తకాల్లో సాయంత్రం ఐదింటికే నల్లగుడ్డ కప్పమని రాస్తారు. మనకది అక్కర్లేదు, సెప్టెంబరులో మన రాత్రి దాదాపు 12 గంటలు. దీపం మొక్క మీద పడకుండా చూస్తే చాలు. ఇదే సూత్రాన్ని పూలరైతులు తిరగేసి వాడతారు. రాత్రి 10 నుంచి 2 దాకా చేలో బల్బులు వెలిగించి మొక్కను ఎదగనిస్తారు. ఆపిన 8 నుంచి 10 వారాలకు పూలు. మామూలు రకాలు మనకు నవంబరు నుంచి పూస్తాయి, బతుకమ్మకు కావాలంటే ముందుగా పూసే రకాలు అడిగి తెచ్చుకోవాలి.

మొగ్గల కాలంలో లేత కొనలకు పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు పడతాయి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. విచ్చిన పూల మీద వద్దు.

ఒక పూవు విడదీసి చూడండి. రేక అనుకున్న ప్రతిదీ అడుగున సన్నని గొట్టంతో విడిగా ఊడివస్తుంది. నిజానికి అదొక పూవు, చామంతి అనేది వందల చిన్నపూల కట్ట. ఆ సందుల్లో నీళ్ళు నిలిస్తే గోధుమరంగు తిరిగి కుళ్ళుతుంది. అందుకే నీళ్ళు పూల మీద కాక మొక్క మొదలు దగ్గరే పోయాలి. కోసేది మంచు ఆరాక.

చామంతి టీ గురించి. కొట్లో అమ్మేది చాలావరకు కామొమైల్, అది వేరే మొక్క. చైనాలో తాగేది మాత్రం మన చామంతి జాతిదే. పూలను ఒకటి రెండు నిమిషాలు ఆవిరి పట్టి ఆరబెడతారు. గ్లాసు వేడినీళ్ళకు నాలుగైదు చిన్నపూలు, ఐదు నిమిషాలు. దండల కోసం అమ్మే పూలు దీనికి పనికిరావు, వాటికి పురుగుమందులు కొట్టి ఉంటారు. మందు కొట్టని ఇంటిపూలే వాడండి. వయ్యారిభామ అనే కలుపుమొక్క పడక చర్మం దద్దుర్లెక్కేవాళ్ళు ఆ టీ జోలికి పోవద్దు, కొమ్మలు కత్తిరించేటప్పుడు తొడుగులు వేసుకోండి. వయ్యారిభామా చామంతీ ఒకే కుటుంబం, ఒకటి పడనివాళ్ళకు రెండోదీ పడకపోవచ్చు.