రిక్రూటర్‌కు రాసే మొదటి మెసేజ్

శ్రోతలకు నమస్కారం.

అనంతపురంలోనో కర్నూలులోనో రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి బెంగళూరు మారతహళ్లిలో దిగి, పీజీలో మంచం తీసుకుని ఉద్యోగం వెతుక్కునే మన పిల్లలు ఎంతమందో! నేను ఈ ఊళ్లో కొన్నేళ్లు రిక్రూటర్‌గా పనిచేశాను. పొద్దున్నే ఫోన్ చూస్తే "హాయ్ మేడమ్, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అనే మెసేజ్‌లే. జవాబివ్వాలనే ఉండేది. కానీ ఆ అబ్బాయికి జావా వచ్చా, అకౌంట్స్ వచ్చా అన్నది నాకెలా తెలుస్తుంది?

రిక్రూటర్‌కు డబ్బు ఇచ్చేది కంపెనీ. ఆ కంపెనీలో ఉన్న ఖాళీకి సరిపోయే మనిషి కోసం ఆమె వెతుకుతుంటుంది. అందుకే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లోనో, నౌక్రీలోనో, లింక్డ్‌ఇన్‌లోనో ఖాళీ చూసుకుని, దాని జాబ్ ఐడీతో సహా రాయండి. "మీ టెస్టింగ్ పోస్టు చూశాను. బ్యాంకింగ్ యాప్‌ల మీద 3 ఏళ్లు పనిచేశాను. టెస్టింగ్ టూల్ సెలీనియం వచ్చు. నోటీస్ పీరియడ్ 30 రోజులు. ఉండేది మారతహళ్లిలో." ఇంత చాలు. ఫ్రెషర్లయితే సొంతంగా చేసిన ప్రాజెక్టు గురించి ఒక ముక్క రాయండి. రెజ్యూమే ఫైలుకు మీ పేరే పెట్టండి. జవాబు రాకపోతే వారం ఆగి ఇంకోసారి అడగండి, తప్పేం లేదు.

నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక పాత కంపెనీలో ఇంకా పనిచేయాల్సిన రోజులు, తగ్గించి చెప్పకండి. చాలా ఐటీ కంపెనీల్లో అది 90 రోజులు. ఉన్నదున్నట్టు చెబితే రిక్రూటర్ కంపెనీతో ముందే మాట్లాడి పెడుతుంది. ఆఫర్ వచ్చాక బయటపడితే ఆమె కూడా ఏమీ చేయలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఫేక్ ఎక్స్‌పీరియన్స్, అంటే చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రెజ్యూమేలో రాసుకోవడం. "రెండేళ్లు పెట్టేయ్, మేం చూసుకుంటాం" అని చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. మీ పీఎఫ్ ఖాతా చూస్తే ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా డబ్బు కట్టిందో తెలిసిపోతుంది. చాలా చురుకైన ఒకమ్మాయి ఉద్యోగంలో చేరిన రెండు నెలలకు ఇలాగే దొరికిపోయింది. బ్యాగు సర్దుకుంటూ నాకు ఫోన్ చేసింది. ఆ గొంతు నేనింకా మరచిపోలేదు.

ఇక రిజిస్ట్రేషన్ ఫీజనో, దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పించే బ్యాక్‌డోర్ అనో ఎవరైనా డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. నాన్న అప్పు తెచ్చి పంపిన డబ్బు అది. ఆన్‌లైన్‌లో ఇప్పటికే కట్టి మోసపోయుంటే, సిగ్గుపడి దాచుకోకండమ్మా. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు మోసగాళ్ల చేతికి పోకుండా బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.